యూరిన్ కల్చర్ టెస్ట్ రివ్యూ: టెస్టుకు నాలుగు స్టార్లు, నేను మొదట వెళ్లిన ల్యాబ్‌కి ఒకటే

ఏడు నెలల్లో మూడోసారి మూత్రంలో మంట మొదలయ్యేసరికి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మొదటి రెండుసార్లూ కథ ఒకటే. మంట, పావుగంటకోసారి బాత్రూమ్‌కి పరుగు, తీరా వెళ్తే నాలుగు చుక్కలు, పొత్తికడుపులో లాగుడు, డాక్టర్ దగ్గరికి వెళ్లడం, రూటీన్ యూరిన్ టెస్టులో చీము కణాలు ఉన్నాయని తేలడం, యాంటీబయాటిక్, రెండో రోజుకే హాయి, కొన్ని వారాలకి మళ్లీ మొదలు. మూడోసారి డాక్టర్ గారు చీటీ రాయబోయి ఆగి, "ఈసారి కల్చర్ పంపిద్దామమ్మా, శాంపిల్ ఇచ్చాకే మొదటి మాత్ర వేసుకోండి" అన్నారు. ఆ టెస్టు గురించే ఈ రివ్యూ. దీనికి కూడా రివ్యూ ఏంటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. హెడ్‌ఫోన్స్ కొనడానికి యాభై రివ్యూలు చదువుతాం, ఒంట్లోంచి తీసిన శాంపిల్ ఇచ్చి వచ్చేటప్పుడు ఆ డబ్బాని ఎక్కడ పెట్టారో కూడా వెనక్కి తిరిగి చూడం. నేనూ చూడలేదు, అందుకే ఒక శాంపిల్ దండగైంది.

రూటీన్ టెస్టుకీ కల్చర్‌కీ తేడా ఏంటో అప్పటిదాకా నాకు తెలీదు. రూటీన్‌లో మైక్రోస్కోపు కింద చీము కణాలు లెక్కపెడతారు, ఒక స్ట్రిప్ ముంచి రంగులు చూస్తారు, అందులో ఒక గడి నైట్రైట్‌ది. ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా మూత్రంలో ఉండే నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చేస్తాయి కాబట్టి అదొక ఆచూకీ అన్నమాట. ఇల్లు దోచారని చెప్పడానికి ఇది చాలు, దోచింది ఎవరో చెప్పడానికి చాలదు. కల్చర్‌లో అయితే ఆ దొంగనే పట్టి తెచ్చి, కూర్చోబెట్టి తిండి పెట్టి, సంతానం పెరిగేదాకా ఆగి, పేరేంటో, ఏ మందుకు లొంగుతాడో, ఏ మందుని లెక్కచేయడో రాసిస్తారు. పెరగడానికి ఒక రాత్రి, మందులతో పరీక్షించడానికి ఇంకో రాత్రి పడుతుంది, అందుకే రిపోర్టుకి రెండు మూడు రోజులు. "ఇంత టెక్నాలజీ వచ్చాక కూడా మూడు రోజులేంటి" అని నేను కౌంటర్ దగ్గర విసుక్కున్నాను కానీ, తర్వాత తెలిసింది, ఈ.కోలై కాబట్టి మూడు రోజుల్లో తేలింది. క్షయ బ్యాక్టీరియా ఒకటి రెండు కావడానికే 15 నుంచి 20 గంటలు పడుతుంది, దాని కల్చర్ కోసం వారాల తరబడి కూర్చోవాలి.

ఇక మొదటి ల్యాబ్. పేరు చెప్పను. కౌంటర్‌లో అమ్మాయి డబ్బా చేతిలో పెట్టి, బాత్రూమ్ వైపు గడ్డంతో చూపించి మళ్లీ ఫోనులో పడిపోయింది. ఎలా పట్టాలి, ఎంత పట్టాలి, ఏమీ చెప్పలేదు. నేను వచ్చిన మొదటి ధారే పట్టేశాను, మూత తీసి సింక్ గట్టు మీద బోర్లా పెట్టాను, డబ్బా లోపలి అంచు వేళ్లతో పట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తెచ్చి ఇస్తే ఆ అమ్మాయి దాన్ని ఇంకో ఆరేడు డబ్బాల పక్కన, కిటికీ దగ్గర ట్రేలో పెట్టింది. అప్పుడు టైము పొద్దున తొమ్మిదిన్నర. అసలు కల్చర్ చేసేది అక్కడ కాదట, మెయిన్ ల్యాబ్‌కి పంపుతారట, తీసుకెళ్లే అబ్బాయి మధ్యాహ్నం రెండింటికి వస్తాడట. ఈ సంగతి మూడో రోజు రిపోర్టు వచ్చాక గొడవపడితే చెప్పారు. రిపోర్టులో ఏముందంటే: మూడు రకాలకు పైగా బ్యాక్టీరియా పెరిగాయి, శాంపిల్ కలుషితమై ఉండొచ్చు, మళ్లీ పంపండి. అంతే. మూడు రోజులు మంటతో గడిపింది ఈ ఒక్క లైను కోసం. (డాక్టర్ చెప్పినట్టు శాంపిల్ ఇచ్చాక మాత్ర మొదలుపెట్టొచ్చు, కానీ నేను రిపోర్టు వచ్చాకే వేసుకుందామని నా సొంత తెలివితో ఆగాను. అది నా తప్పు, ల్యాబ్ ఖాతాలో వేయను.)

ఎందుకిలా అయిందో మా వదిన చెప్పింది. వదిన వేరే ఊళ్లో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్, ఇన్నేళ్లూ తను ఏం పని చేస్తుందో నేను సరిగ్గా అడిగిన పాపాన పోలేదు. "కిటికీ దగ్గర నాలుగున్నర గంటలా? అది శాంపిల్ కాదే, నర్సరీ" అంది. ఈ.కోలైకి మంచి తిండి, ఒంటి వేడి దొరికితే 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఆ లెక్కన ఒక్కటి నాలుగు గంటల్లో 4,096. గది వేడిలో అంత జోరు ఉండదు, సగం జోరే అనుకున్నా నాలుగు గంటల్లో 64. అంటే చర్మం మీద నుంచి జారి పడిన పదిమంది అమాయకులు కూడా ల్యాబ్ చేరేసరికి పెద్ద ఊరేగింపులా కనిపిస్తారు. అసలు దొంగ ఎవరో ఆ గుంపులో తేల్చడం కష్టం. అందుకే శాంపిల్ రెండు గంటల్లోపు బ్యాక్టీరియాని పెంచే ప్లేటు మీదకి ఎక్కాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రిజ్‌లో అయితే 24 గంటల దాకా ఫరవాలేదు. బోరిక్ యాసిడ్ పొడి ఉన్న డబ్బాలు కూడా ఉంటాయి, అవి బ్యాక్టీరియాని చంపకుండా ఉన్నచోట ఆపి ఉంచుతాయి. ఆ డబ్బా ఇస్తే గీత దాకా నింపాలి, లేకపోతే మందు చిక్కనైపోయి ఉన్నవి కూడా చస్తాయి.

పట్టే పద్ధతి కూడా చెప్పింది, ఇది అందరికీ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూత తీసి లోపలి వైపు దేనికీ తగలకుండా పట్టుకోవాలి. ఆడవాళ్లయితే మడతలు వేళ్లతో పక్కకి పట్టుకుని, మగవాళ్లయితే ముందు చర్మం వెనక్కి లాగి పోయాలి. మొదటి ధార టాయిలెట్‌లోకి వదిలేసి, ఆపకుండా మధ్య ధార డబ్బాలోకి పట్టి, చివరిది మళ్లీ వదిలేయాలి. మొదటి ధార దారిలో అంటుకున్న వాటిని కడుక్కుంటూ పోతుంది, మధ్యలో వచ్చేది మూత్రాశయంలో సరుకు.

రెండో ల్యాబ్‌కి ఐదు స్టార్లు ఇస్తాను, బిల్డింగ్ పాతది, ఏసీ పనిచేయలేదు, అయినా సరే. డబ్బా ఇచ్చే ముందే అక్కడి పెద్దావిడ మూడు ప్రశ్నలు అడిగింది: ఈ వారంలో యాంటీబయాటిక్ ఏమైనా వాడారా, గర్భం ఏమైనా ఉందా, జ్వరం గానీ నడుం పక్క నొప్పి గానీ ఉందా. పట్టే పద్ధతి బొమ్మలతో గోడ మీద అతికించి ఉంది. నేను ఇచ్చిన డబ్బా మీద టైము రాసి నా కళ్లముందే ఫ్రిజ్‌లో పెట్టింది. ప్రాణం లేచొచ్చింది.

ఈ రెండో రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల్లో వదిన డ్యూటీలో ఉండగా వీడియో కాల్ చేసి తన ల్యాబ్‌లో ప్లేట్లు చూపించింది. ఇది ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన భాగం. సన్నటి తీగ చివర చిన్న గుండ్రం, సూది బెజ్జం అంత. అది సరిగ్గా ఒక మైక్రోలీటర్ ద్రవాన్ని పట్టుకుంటుంది, మిల్లీలీటర్‌లో వెయ్యో వంతు. దాన్ని మూత్రంలో ముంచి నీలం ఆకుపచ్చ కలిసిన రంగు ప్లేటు మీద గీసుకుంటూ పోతుంది, రాత్రంతా ఒంటి వేడిలో ఉంచుతుంది. పొద్దున్నకి ఒక్కో బ్యాక్టీరియా పడ్డచోట ఒక్కో చుక్క లేస్తుంది, దాన్నే కాలనీ అంటారు. ఈ.కోలై అయితే ప్లేటులో ఉన్న లాక్టోజ్ చక్కెర తిని యాసిడ్ వదులుతుంది, యాసిడ్‌కి రంగు మారే పదార్థం అందులో ముందే కలిపి ఉంటుంది కాబట్టి చుక్కల చుట్టూ ప్లేటు పచ్చగా, పసుపు పూసినట్టు అయిపోతుంది. ఇక లెక్క సులువు. ఒక చుక్క అంటే మిల్లీలీటర్‌కి వెయ్యి. వంద చుక్కలైతే లక్ష. రిపోర్టులో "లక్షకు పైగా సీఎఫ్‌యూ" అని ఉండేది ఇదే, సీఎఫ్‌యూ అంటే ఇలా కాలనీగా మొలిచేవాటి లెక్క. ఈ లక్ష అనే గీత 1950ల నుంచి వాడుకలో ఉంది, కానీ మంట స్పష్టంగా ఉన్న మనిషిలో అంతకంటే తక్కువ ఉన్నా డాక్టర్లు పట్టించుకుంటారు, కాబట్టి అంకె చూసి మనకి మనమే తీర్పు ఇచ్చుకోకూడదు.

ఆ ప్లేటులో గట్టిపడిన జెల్లీ లాంటిది అగర్, సముద్రపు నాచు నుంచి తీస్తారు. 1880ల్లో జర్మనీలో రాబర్ట్ కోచ్ అనే బ్యాక్టీరియా శాస్త్రవేత్త ల్యాబ్ వాళ్లు జెలటిన్ వాడి విసిగిపోయారట, అది ఒంటి వేడికి కరిగి నీళ్లయిపోతుంది, కొన్ని బ్యాక్టీరియా అయితే దాన్నే తినేస్తాయి. అక్కడ పనిచేసే వాల్తర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, వంటింట్లో తను వాడే అగర్ వేసి చూడమంది. ఇప్పటికీ ప్రపంచమంతా అదే. 1887లో పెట్రి అనే ఆయన మూత ఉన్న ప్లేటు తయారుచేశాడు, ప్లేటుకి ఆయన పేరు నిలిచిపోయింది. జెల్లీ ఉపాయం చెప్పినావిడ పేరు ఎవరికీ గుర్తులేదు. సరే, రివ్యూలోకి వద్దాం.

రిపోర్టు వచ్చింది. ఈ.కోలై, లక్షకు పైగా. పేరు చూడగానే నాకు ఒకింత అవమానంగా అనిపించింది, ఎందుకంటే అది పేగుల్లో ఉండేది, శుభ్రంగా లేకపోతే వస్తుందేమో అనుకున్నా. డాక్టర్ గారు ఆ మాట కొట్టేశారు. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో సుమారు 20, దూరం తక్కువ కాబట్టి ప్రయాణం సులువు, ఇందులో మీ శుభ్రతని తప్పుపట్టాల్సింది ఏమీ లేదమ్మా అన్నారు. మామూలుగా వచ్చే మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులు ఈ.కోలై వల్లే వస్తాయట.

కానీ నా ప్రశ్న వేరు. లోపల రోజుకి ఇన్నిసార్లు వరద పారుతుంటే అది కొట్టుకుపోదేం? దీనికి జవాబు విన్నాక ఆ బ్యాక్టీరియా మీద కోపంతో పాటు కాస్త గౌరవం కూడా కలిగింది. దాని ఒంటి నిండా సన్నటి నూగు లాంటి పోగులు ఉంటాయి, వాటిని ఫింబ్రియే అంటారు. కొన్ని పోగుల కొసన ఫిమ్‌హెచ్ అనే కొక్కెం ఉంటుంది. అది మూత్రాశయం లోపలి గోడ మీద ఉండే మానోజ్ అనే చక్కెరని పట్టుకుంటుంది. ఇక్కడే అసలు మాయ: లాగితే ఆ పట్టు ఊడిపోదు, ఇంకా బిగుసుకుంటుంది. ఉరిముడి లాగినకొద్దీ బిగుసుకున్నట్టు. మూత్రం జోరుగా పారినప్పుడు గట్టిగా పట్టుకుని, జోరు తగ్గాక పట్టు సడలించి పక్కకి పాకుతుంది. పట్టు దొరికాక ఊరుకుంటుందా, గోడ కణాల లోపలికి దూరిపోతుంది. లోపల గుంపులు గుంపులుగా పెరుగుతుంది, అక్కడ దాన్ని తెల్లకణాలు పట్టుకోలేవు, చాలా మందులు సరిగ్గా చేరలేవు. ఒళ్లు ఆ కణాలనే రాల్చి మూత్రంలోకి తోసేస్తుంది, ఆ రాలుడుకి అడుగు పొర బయటపడితే కొన్ని అందులోకి దూరి నిద్రపోతాయి. ఈ నిద్రపోయే సంగతి ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో స్పష్టంగా కనిపించింది, మనుషుల మూత్రంలో రాలిన కణాల్లో కూడా ఇలాంటి గుంపులు కనిపించాయి. మందు అయిపోయాక కొన్ని వారాలకి మళ్లీ మంట రావడానికి ఇదొక దారి. పేగుల్లో ఉన్నదే మళ్లీ కొత్తగా ఎక్కడం ఇంకో దారి. నాది ఏ దారో ఈ టెస్టు చెప్పలేదు, ఒక స్టారు తగ్గించింది కొంత అందుకే.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇనుము గొడవ. బ్యాక్టీరియా బతకాలంటే ఇనుము కావాలి, మన ఒళ్లు దాన్ని తాళం వేసి దాచుకుంటుంది. ఈ.కోలై ఎంటెరోబాక్టిన్ అనే అణువుని వదులుతుంది, అది వెళ్లి ఇనుముని కరుచుకుని వెనక్కి తెస్తుంది. మన ఒళ్లు ఊరుకోదు, లిపోకాలిన్ అనే ప్రొటీన్‌తో ఆ అణువుని దారిలోనే పట్టేస్తుంది. అప్పుడు కొన్ని ముదురు రకాలు అదే అణువుకి చక్కెర తగిలించి వేషం మార్చి పంపుతాయి, లిపోకాలిన్ దాన్ని పట్టుకోలేదు. చదువుతుంటే దొంగా పోలీసు సినిమాలా ఉంది, కాకపోతే సెట్టింగు నా పొత్తికడుపు. మూత్రాశయంలో ఉన్నంతవరకు ఈ గొడవంతా మంటతో పోతుంది, జ్వరం పెద్దగా రాదు. కిడ్నీదాకా ఎక్కితే మాత్రం చలి, వణుకు, జ్వరం, నడుం పక్కన పోటు, వాంతులు. అలాంటప్పుడు గానీ, గర్భిణులైతే గానీ రిపోర్టు కోసం ఇంట్లో కూర్చోకూడదు, శాంపిల్ ఇచ్చేసి వెంటనే చికిత్స మొదలుపెట్టించుకోవాలి. రిపోర్టు వచ్చాక అవసరమైతే మందు మారుస్తారు.

రెండో పేజీ, సెన్సిటివిటీ. టెస్టులో డబ్బుకి తగ్గ సరుకు ఇక్కడుంది. వదిన చూపించిన ప్లేటు గుర్తు తెచ్చుకుంటే ఆ పేజీ ఊరికే అర్థమవుతుంది. ప్లేటు నిండా బ్యాక్టీరియాని దూదిపుల్లతో పలచగా పూస్తారు, దాని మీద 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు అక్కడక్కడా పెడతారు, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మందు బిళ్లలోంచి చుట్టూ ఊరుతుంది. తెల్లారేసరికి పనిచేసే మందు చుట్టూ ఏమీ పెరగని శుభ్రమైన వలయం, పనిచేయని మందు బిళ్లని ఆనుకుని గరిక మొలిచినట్టు బ్యాక్టీరియా. వదిన ముందు ఒక మంచి ప్లేటు చూపించింది, అది ల్యాబ్ పని సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వాడే నమూనా ఈ.కోలై, ఏటీసీసీ 25922 అంటారు, అన్ని బిళ్లల చుట్టూ చందమామల్లా వలయాలు. తర్వాత ఇంకెవరిదో, పేరు వేలితో మూసి చూపించింది. ఎనిమిది బిళ్లలుంటే రెండింటి చుట్టే వలయం. "రోజూ ఇలాంటివి వస్తాయా వదినా?" అంటే తను నవ్వలేదు, "ఇది బాగా ఉన్నదేనే" అంది. ఆ వలయం అడ్డంగా కొలిచి, ముందే ఖరారు చేసిన పట్టికతో పోల్చి ఎస్, ఐ, ఆర్ అని రాస్తారు. ఎస్ అంటే మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ సంగతి తర్వాత చెబుతా. ఈ పద్ధతిని 1966లో కిర్బీ, బావర్ పద్ధతిగా ఒక కొలిక్కి తెచ్చారు. ఇప్పుడు చాలాచోట్ల మెషిన్లే చేస్తున్నాయి గానీ సూత్రం మారలేదు.

నా రిపోర్టులో యాంపిసిలిన్ ఆర్, సిప్రోఫ్లోక్సాసిన్ ఆర్, కోట్రైమోక్సజోల్ ఆర్. నైట్రోఫ్యురాన్‌టోయిన్ ఎస్, ఫోస్ఫోమైసిన్ ఎస్. మొదటి రెండుసార్లూ నేను వాడింది ఆ ఆర్ లిస్టులో ఉంది. మరి అప్పుడు తగ్గిందెలా అని డాక్టర్‌ని నిలదీశాను. ఆ మందు మూత్రంలో బాగా చిక్కగా చేరుతుంది కాబట్టి కొంత అణిగి ఉండొచ్చు, లేదా లొంగేవి చచ్చి లొంగనివి మిగిలి ఇప్పుడు ఇవే రాజ్యమేలుతూ ఉండొచ్చు అన్నారు. రెండో మాట నాకు బాగా గుచ్చుకుంది. మందు బ్యాక్టీరియాకి ఏదో నేర్పించదు, లొంగనివాడికి ఖాళీ స్థలం చేసిపెడుతుంది, అంతే.

ఎలా తప్పించుకుంటాయో కూడా ఒక్కో మందుకి ఒక్కో ఎత్తు. పెన్సిలిన్ కుటుంబం మందుల నడుమ బీటా లాక్టమ్ అనే నాలుగు మూలల ఉంగరం ఉంటుంది, దాన్ని పుటుక్కున తెంపే ఎంజైమ్ తయారుచేసుకుంటాయి. సిప్రో వెళ్లి తగలాల్సిన చోటు ఆకారం మార్చేసుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందుని పంపు పెట్టి బయటికి తోడేస్తాయి. పైగా ఈ కిటుకులు రాసి ఉన్న చిన్న డీఎన్ఏ ఉంగరాలను, ప్లాస్మిడ్లు అంటారు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందిస్తాయి. నాకు నమ్మబుద్ధి కాని విషయం ఏంటంటే పెన్సిలిన్‌ని చంపే ఎంజైమ్ గురించి మొదట అచ్చయింది 1940లో, అప్పటికి పెన్సిలిన్ ఇంకా జనానికి అందుబాటులోకే రాలేదు, ఆ ఎంజైమ్ దొరికింది కూడా మన ఈ.కోలైలోనే. పెళ్లికి ముందే విడాకుల కాగితాలు సిద్ధం చేసుకున్నట్టు. 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు ప్రపంచం మొత్తం మీద సుమారు 12.7 లక్షలని అంచనా. ఇంతకుముందు ఈ అంకె వార్తల్లో చూసి స్క్రోల్ చేసి పోయేదాన్ని. నా పేరు మీద వచ్చిన కాగితంలో మూడు ఆర్‌లు చూశాక పోలేకపోయాను.

ఇప్పుడు ఈ రిపోర్టుతో జనం చేసే తప్పు, నేను చేయబోయి ఆగిన తప్పు. ఎస్ అని ఉన్నవాటిలో ఏదో ఒకటి మెడికల్ షాపులో కొనుక్కుని వేసేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. నైట్రోఫ్యురాన్‌టోయిన్‌నే తీసుకోండి. అది మూత్రంలో బాగా చేరుతుంది, రక్తంలో, కిడ్నీ కండలో సరిపడా ఉండదు. మూత్రాశయంలో మంటకి బంగారం లాంటి మందు, ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకితే చాలదు, అక్కడ కూడా రిపోర్టు మాత్రం ఎస్ అనే చూపిస్తుంది. ప్లేటుకి కిడ్నీ ఎక్కడుందో తెలీదు మరి. మనిషికి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయి, గర్భమా, ఏ మందు పడదు, ఇవన్నీ కాగితంలో ఉండవు. ఐ అంటే కూడా చాలామంది "అంతంతమాత్రం" అనుకుంటారు. యూరప్‌లో ప్రమాణాలు పెట్టే ఈయూకాస్ట్ వాళ్లు 2019లో దాని అర్థాన్నే మార్చారు: ఎక్కువ మోతాదులో, లేదా మందు చిక్కగా చేరే చోట పనిచేస్తుంది అని. మన ల్యాబ్ ఏ ప్రమాణం పాటిస్తుందో రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకో సంగతి, నేను రెండో ల్యాబ్‌ని అనవసరంగా అనుమానించాను. మా స్నేహితురాలి రిపోర్టులో ఇరవై మందులున్నాయి, నాదాంట్లో తొమ్మిదే. మోసం చేశారనుకున్నా. ఫోన్ చేసి కడిగేద్దామని ముందు వదినకి చేశాను, మంచిపని అయింది. మామూలు మందులు పనిచేస్తుంటే పెద్ద మందుల ఫలితాలు కావాలనే రిపోర్టులో చూపించరట. చూపిస్తే ఎవరో ఒకరు పెద్ద బాణమే వేస్తారని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ని మూడు గుంపులు చేసింది, ముందు వాడాల్సినవి, జాగ్రత్తగా చూసి వాడాల్సినవి, వేరే దారి లేనప్పటి కోసం దాచుకోవాల్సినవి. ఇరవై మందులూ చూపించిన రిపోర్టు గొప్పది అనుకోకండి, తొమ్మిది చూపించినచోట ఎవరో బుర్ర పెట్టారని అర్థం.

తగ్గించిన స్టారుకి మిగతా కారణాలు. "ఏమీ పెరగలేదు" అని వస్తే జబ్బు లేదని కాదు. ముందే యాంటీబయాటిక్ రెండు మాత్రలు మింగి వెళ్లినా అలాగే వస్తుంది. క్లమీడియా అనే బ్యాక్టీరియా మన కణాల లోపల తప్ప పెరగదు, ఈ జెల్లీ ప్లేటు మీద ఎన్ని రాత్రులు ఉంచినా మొలవదు. క్షయకి వేరే కల్చర్ అడగాలి. రెండోది దీనికి తలకిందులు: ఏ బాధా లేనివాళ్లలో కూడా బ్యాక్టీరియా పెరగొచ్చు, ముఖ్యంగా పెద్దవాళ్లలో, కేథటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) ఉన్నవాళ్లలో. గర్భిణులు, మూత్రమార్గంలో కొన్ని ఆపరేషన్లకి వెళ్లేవాళ్లు తప్ప, మిగతావాళ్లలో దానికి మందు వాడాల్సిన పని సాధారణంగా ఉండదు. అంటే బాధ లేకుండా ఊరికే చేయిస్తే ఈ టెస్టు లేని టెన్షన్ తెచ్చిపెడుతుంది. నాకు మంట పూర్తిగా పోయిన వారానికి మొదటి ల్యాబ్ నుంచి ఫోను, "మేడమ్, రిపీట్ కల్చర్ ప్యాకేజీ ఉంది" అని. గర్భం లాంటిదేమీ లేకుండా బాధ తగ్గాక మళ్లీ చేయించాల్సిన పని లేదని డాక్టర్ ముందే చెప్పారు. ఆ ఫోనుతోనే వాళ్లకి ఉన్న రెండు స్టార్లలో ఒకటి పోయింది.

వాడిన మందు ఐదు రోజుల కోర్సు, ఐదు రోజులూ వేసుకున్నాను, మిగిలినవి దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. మళ్లీ రాకుండా ఏం చేయాలని అడిగితే డాక్టర్ మొదట చెప్పింది నీళ్లు. నాకు అది తాతల కాలం సలహా అనిపించింది, కానీ 2018లో వచ్చిన ఒక ట్రయల్‌లో, తక్కువ నీళ్లు తాగే అలవాటుండి తరచూ ఈ ఇబ్బంది పడే 140 మంది ఆడవాళ్లని తీసుకుని, సగం మందిని రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకి సగటున 1.7 సార్లు వచ్చింది, మిగతావాళ్లకి 3.2 సార్లు. ఉరిముడి వేసుకున్నదాన్ని వరద ఊడదీయలేకపోవచ్చు, ముడి వేసుకునే లోపు తోసేయగలదు కదా. ఇంకోపక్క డీ మానోజ్ పొడి. కొక్కేనికి గోడ మీది చక్కెర బదులు ఎర చక్కెర అందిస్తే దాన్నే పట్టుకుని కొట్టుకుపోతుందని ఆలోచన, వినడానికి ఎంత బాగుందో. నేను కొనేశాను కూడా. తర్వాత చూస్తే 2024లో వచ్చిన సుమారు ఆరువందల మంది ట్రయల్‌లో ఉత్తుత్తి పొడి తిన్నవాళ్లకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డబ్బా అలాగే ఉంది.

నా మాటగా చెప్పాలంటే, జీవితంలో మొదటిసారి మంట వచ్చిన ఆరోగ్యవంతురాలికి ప్రతిసారీ ఈ టెస్టు అక్కర్లేకపోవచ్చు, డాక్టర్ చూసి చెబుతారు. మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్లు, మందుకి తగ్గనివాళ్లు, గర్భిణులు, కేథటర్ ఉండి జ్వరం వచ్చినవాళ్లు, మగవాళ్లు మాత్రం వదలకుండా అడగండి. రిపోర్టు పీడీఎఫ్ ఫోనులో దాచుకోండి, తేదీతో సహా. వచ్చే ఏడాది మళ్లీ వస్తే డాక్టర్ మొదట అడిగేది పాత రిపోర్టే.

మొన్న మా అత్తయ్య గారికి ఇదే టెస్టు రాస్తే నేనే తోడు వెళ్లాను. డబ్బా అందిస్తూ కౌంటర్‌లో అబ్బాయిని "ఫ్రిజ్ ఎక్కడుంది?" అని అడిగా. మంచినీళ్లు కావాలేమో అనుకుని అతను బయట కూలర్ వైపు చూపించాడు.